షిప్‌లో తమ్ముడికి చెయ్యి విరిగింది, సంతకం పెట్టమంటున్నారు, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్తే. మా తమ్ముడు కార్గో షిప్‌లో డెక్ మీద సీమన్. పోర్టులో షిప్ కడుతుంటే మూరింగ్ రోప్ తెగి కుడి మణికట్టు మీద కొట్టింది, ప్లేట్లు వేశారు, ఇప్పటికీ చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నాడండి. ఇంటికి పంపించి 5 వారాలైంది, జీతం ఆపేశారు, ఇప్పుడేమో కొంత డబ్బిచ్చి ఇక ఏ క్లెయిమూ లేదు అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు.

నేను చదివినంతలో మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006 (షిప్పుల్లో పనిచేసేవాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం వైద్యం ఖర్చు ఓనర్‌దే, ఆ బాధ్యతని గాయమైన రోజు నుంచి 16 వారాల కంటే తగ్గించడానికి లేదు, కాంట్రాక్టులో ఉన్న పరిహారం కన్నా తక్కువకి ఒప్పుకోమని ఒత్తిడి చెయ్యకూడదు. కానీ షిప్ జెండా ఒక దేశానిది, ఓనర్ ఇంకో దేశం, ఏజెంటు మూడో చోట, మరి కేసు ఎక్కడ వెయ్యాలి? షిప్‌లో అతికించిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఫోటో తమ్ముడి ఫోన్లో ఉంది, అందులో ఉన్న పీ అండ్ ఐ క్లబ్‌కి (షిప్ ఓనర్లకి ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థ) మేమే డైరెక్ట్‌గా రాయొచ్చా, లేక ముందు ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల యూనియన్ల సమాఖ్య) ఇన్‌స్పెక్టర్ని కలవాలా? యాక్సిడెంట్ రిపోర్టు కాపీ మాకివ్వలేదు. రోప్ అరిగిపోయిందని తమ్ముడు బోసన్‌కి (డెక్ పనివాళ్ల మీద ఉండే పెద్ద) ముందు రోజే చెప్పాడంట, పక్కనున్నవాళ్లు విన్నారు, అది సాక్ష్యంగా పనికొస్తుందా?

సంతకానికి శుక్రవారం దాకే టైమిచ్చారు, షిప్పుల్లో చేసినవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.