డేటా స్ట్రక్చర్స్ పుస్తకం: ఒకేసారి 40,000 తీసుకోనా, రాయల్టీకి ఒప్పుకోనా?

గుంటూరు_లెక్చరర్:
తొమ్మిదేళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ చెబుతున్నాను. నా నోట్సు జిరాక్స్ షాపుల్లో బాగా పోతోందని తెలిసి ఒక పబ్లిషర్ పుస్తకం వేద్దామన్నారు. కాపీరైట్ రాసిచ్చేస్తే ఒకేసారి 40,000, లేదంటే 10 శాతం రాయల్టీ. ధర 400 పెడతారట. వెయ్యి కాపీలు పోతే అదే 40,000 కదా, ఆపైన వచ్చేదంతా లాభమే అని నా లెక్క. మా ఆవిడేమో చేతికొచ్చింది తీసుకోమంటోంది.

పాతపుస్తకం:
సార్, ఆ 10 శాతం దేని మీదో చూశారా? మాకు నెట్ మీద, అంటే కమీషన్ పోగా మిగిలినదాని మీద ఇచ్చేవారు. షాపులకీ డిస్ట్రిబ్యూటర్‌కీ 40 శాతం కమీషన్ పోతే 400 పుస్తకానికి లెక్కలోకొచ్చేది 240, అందులో మీకు 24. అదీ మార్చి లెక్కలు తేలాక ఏడాదికోసారి. నా మొదటి స్టేట్‌మెంట్ ఇంకా బీరువాలో ఉంది: ప్రింటయినవి 1,100, లెక్చరర్లకి ఊరికే పంచిన స్పెసిమెన్ కాపీలు 160, అమ్ముడైనవి 410, నాకు రావాల్సింది 9,840. పిల్లల దగ్గర పీడీఎఫ్ మాత్రం అందరికీ ఉంది! పైగా సిలబస్ గొడవ ఒకటి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్18 సిలబస్ పోయి ఆర్22 వచ్చినట్టు రెగ్యులేషన్ మారిందంటే యూనిట్లు అటూఇటూ చేసి మళ్లీ రాయాలి, లేకపోతే షాపువాడు స్టాకు తిప్పి పంపేస్తాడు.

కోడ్_కాకరకాయ:
ఏది తీసుకున్నా కాపీరైట్ మాత్రం పూర్తిగా రాసివ్వకండి. ఒప్పందంలో గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లనే లెక్కగడుతుంది, అందుకే వాళ్లు "శాశ్వతంగా" అని ముందే టైపు చేయించి ఉంచుతారు, ఆ ముక్క కొట్టేయించండి.
నేను పైథాన్ మీద ఇంగ్లిష్‌లో ఈబుక్ రాసి అమెజాన్ కిండిల్‌లో పెట్టా. 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధరకి 70 శాతం అని మురిసిపోయాను గానీ, బొమ్మలు ఎక్కువైతే ఫైలు సైజును బట్టి డెలివరీ చార్జీ కోస్తారు, అమ్మకాలా నెలకి ఏడో ఎనిమిదో. కానీ ఆ పుస్తకం చూసే ఒక కంపెనీవాళ్లు రెండ్రోజుల ట్రైనింగ్‌కి పిలిచారు, ఏడాది రాయల్టీ కంటే ఎక్కువే ఇచ్చారు.

లెక్కలమాస్టారు:
అంటే పుస్తకం విజిటింగ్ కార్డన్నమాట. 400 పేజీల విజిటింగ్ కార్డు :)

గుంటూరు_లెక్చరర్:
ఇప్పుడే తీసి చూశాను, 7వ క్లాజులో నెట్ అనే ఉంది, శాశ్వతంగా అనీ ఉంది. మొదటి ఎడిషన్ వరకే హక్కులిచ్చి అదే 40,000 అడుగుతాను, కాదంటే 30కైనా దిగుతాను. పాతపుస్తకం గారూ, స్పెసిమెన్ కాపీలకి పరిమితి పెట్టమంటే ఒప్పుకుంటారా?

పాతపుస్తకం:
నూటికి మించొద్దని రాయించండి. నేను రెండో పుస్తకానికి అలాగే చేశాను.