బావా యెప్పుడు వచ్చితీవు: ‘భ్రాతల్’ అనాలా, ‘బంధుల్’ అనాలా?

వానచినుకు:
అందరికీ నమస్కారం. సోషల్ ఆంత్రోపాలజీ ఎం.ఏ. మొదటి ఏడాది చదువుతున్నాను. నిన్న క్లాసులో మేడమ్ బోర్డు మీద ‘కజిన్’ అని రాసి, కింద రెండు కొమ్మలు గీసి, ఒకదాని దగ్గర క్రాస్ (మేనత్త, మేనమామ పిల్లలు) అనీ రెండోదాని దగ్గర పారలల్ (పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని పిల్లలు) అనీ రాశారు. నోట్సు దించుకుంటుంటే నాన్న పాడే పద్యం చెవిలో మోగడం మొదలైంది. ఇంకా వదల్లేదు.

“బావా యెప్పుడు వచ్చితీవు, సుఖులే బంధుల్ సుతుల్ చుట్టముల్”

నాన్న ఒకప్పుడు నాటకాల్లో వేషాలు కట్టేవారు. ఇంట్లో సాధన చేసేటప్పుడు ‘బావా’ దగ్గర హార్మోనియం మెట్టు మీద వేలు తీయకుండా ఊపిరి అయిపోయేదాకా సాగదీసి, ‘బంధుల్’ దగ్గర చటుక్కున కిందికి దిగేవారు. ఆ దిగడం నాకు బాగా గుర్తు. మా రూమ్మేటు మాత్రం అది ‘భ్రాతల్’ అంటోంది. ‘బంధుల్’ అని ఎవరైనా విన్నారా?

అరుగు కబుర్లు:
ఆహా, పొద్దున్నే ఎంత మంచి పద్యం! పడక సీను. దుర్యోధనుడు కృష్ణుణ్ణి ‘బావా’ అని పలకరించే ఘట్టం కదూ.

యతిప్రాస:
కాదండీ, యుద్ధానికి సాయం కోరి వచ్చిన దుర్యోధనుణ్ణి అడిగేది కృష్ణుడు. రెండో పాదంలో కర్ణుడి క్షేమం, తర్వాత భీష్మద్రోణుల క్షేమం వస్తాయి. అవి దుర్యోధనుణ్ణి అడగాల్సిన ప్రశ్నలే.

ఇక పాఠం సంగతి. ఈ నాటకం రాసిన తిరుపతి వేంకట కవుల అచ్చు పాఠం ‘భ్రాతల్’. శార్దూలం కాబట్టి యతి పదమూడో అక్షరం మీద పడుతుంది. బా, భ్రా. చక్కగా కుదిరింది. చిక్కేమిటంటే ‘బంధుల్’ అన్నా యతి చెడదు, గణమూ చెడదు. భ్రాతల్సు, బంధుల్సు రెండూ తగణాలే. ప్రాస రెండో అక్షరం ‘వా’ కాబట్టి దాని జోలికే వెళ్లనక్కర్లేదు. అంటే ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. నా అభ్యంతరం వేరే. బంధు శబ్దానికి తెలుగులో బహువచనం ‘బంధువులు’. ఆ ‘వు’ ఎక్కడికి పోయింది? కవి పెట్టుకున్న మాటయితే ‘బంధుల్’ అని విరవడు.

పెన్న ఒడ్డు:
యతిప్రాస గారూ, ఆ ‘వు’ పోవడం పద్యంలో తప్పేమీ కాదు. గురుల్, శత్రుల్, తరుల్ అని భారతం నిండా కనిపిస్తాయి. గురువుల్, శత్రువుల్ అని రాస్తేనే ఒప్పు అంటే తిక్కన గారిని కూడా బోనెక్కించాలి. ‘బంధుల్’ పాఠం కాకపోవచ్చు గానీ వ్యాకరణం పేరు చెప్పి దాన్ని కొట్టేయకండి.

యతిప్రాస:
గురుల్ ఒప్పుకుంటాను. ‘బంధుల్’ పక్కనే ‘చుట్టముల్’ ఉందే, ఆ పునరుక్తి మాటేమిటి? ఒక్క పాదంలో ఒకే మాట రెండుసార్లు అనేంత బీద కవులా వాళ్లు?

పాత ప్లీడరు:
నలభై ఏళ్లు సివిల్ కోర్టుల్లో పార్టిషన్ దావాలు నడిపినవాణ్ణి. ఈ పాదం వినగానే నాకు గుర్తొచ్చేది యాజ్ఞవల్క్య స్మృతి.

“పత్నీ దుహితరశ్చైవ పితరౌ భ్రాతరస్తథా, తత్సుతా గోత్రజా బంధుశిష్యసబ్రహ్మచారిణః”

కొడుకులు లేకుండా పోయినవాడి ఆస్తి ఎవరికి, ఏ వరసలో వెళ్లాలో చెప్పే శ్లోకం ఇది. భార్య, కూతుళ్లు, తల్లిదండ్రులు, తర్వాత భ్రాతరః, తత్సుతాః, ఆపైన గోత్రజులు, బంధువులు. మన పాదం చూడండి: భ్రాతల్, సుతుల్, చుట్టముల్. అదే మెట్ల దారి. ‘సుతుల్’ అంటే దుర్యోధనుడి కొడుకులు కాదని, అన్నదమ్ముల కొడుకులని నేను అనుకుంటాను. వానచినుకు గారి నాన్నగారి నోటికి ‘బంధు’ రావడానికి కూడా ఈ శ్లోకమే కారణం కావచ్చు. పాతకాలం వాళ్లు రెండూ కంఠస్థం చేసేవారు.

ఇంకో మాట. ఆ స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరలో ‘బంధు’ అంటే మనం పెళ్లి శుభలేఖలో వేసే బంధుమిత్రులు కాదు. ఆడవాళ్ల ద్వారా కలిసే, వేరే గోత్రపు సపిండులు, అంటే దగ్గర రక్తసంబంధులు. ఆత్మబంధువులు, పితృబంధువులు, మాతృబంధువులు అని మూడు తెగలు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ తేడానే అగ్నేట్, కాగ్నేట్ అనే పేర్లతో నిలబెట్టింది. కేవలం మగవాళ్ల ద్వారా కలిస్తే అగ్నేట్, మధ్యలో ఒక్క ఆడమనిషి ఉన్నా కాగ్నేట్. కాబట్టి బంధుల్, చుట్టముల్ పక్కపక్కన ఉన్నంత మాత్రాన పునరుక్తి అనలేం.

యతిప్రాస:
ప్లీడరు గారూ, శ్లోకం అద్భుతంగా గుర్తు చేశారు. కానీ భ్రాతల్ అక్కడ పడింది యతి కోసం. వారసత్వ క్రమం కోసం కాదు. బతికున్న రాజుని క్షేమం అడుగుతూ ఆస్తి పంపకాల శ్లోకాన్ని తలుచుకుంటాడా కృష్ణుడు?

పాత ప్లీడరు:
వచ్చిన పనే ఆస్తి పంపకం కదండీ!

పెన్న ఒడ్డు:
యాజ్ఞవల్క్యుడి పేరెత్తారు కాబట్టి మా కేతనను తలుచుకోకుండా ఉండలేను. కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుడి కొలువులో విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాస్తే, దాన్ని 13వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు కేతన. మనవాళ్లకు ధర్మశాస్త్రం కందాల్లో, సీసాల్లో అందింది. దశకుమారచరిత్ర రాసి తిక్కన గారికే అంకితమిచ్చినవాడూ ఆయనే. ఆంధ్రభాషాభూషణం అని వ్యాకరణం రాసిందీ ఆయనే. ఒకే మనిషి ఒక చేత్తో వ్యాకరణం, ఒక చేత్తో చట్టం! ఈ చర్చలో యతిప్రాస గారు ఒక సగం, ప్లీడరు గారు రెండో సగం.

తిక్కన గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రిత్వం చేసినవారు. రాయబారం అంటే ఏమిటో, ఏ మాట ఎక్కడ ఆపాలో చేసి తెలుసుకున్న మనిషి. అందుకే ఉద్యోగపర్వంలో ఎవరు మాట్లాడినా వెనక ఇంకో మాట దాగి ఉంటుంది. తిరుపతి వేంకట కవులు నాటకాలకు ఆ బిగువే తెచ్చుకున్నారు. నాకు ఏడాదికోసారైనా ఉద్యోగపర్వం మొదటి నుంచి చదవకపోతే తోచదు.

వరసల లెక్క:
కళాశాలలో ఆంత్రోపాలజీ చెబుతాను. అందరూ భ్రాతల్ దగ్గరే ఆగిపోయారు. అసలు విశేషం ‘బావా’లో ఉంది.

కృష్ణుడికీ దుర్యోధనుడికీ దగ్గర రక్తసంబంధం లేదు. కుంతి వసుదేవుడి చెల్లెలు, పాండురాజు భార్య. పాండురాజు దుర్యోధనుడికి పినతండ్రి. కాబట్టి కుంతి పిన్ని. పిన్ని అన్న మేనమామ. మేనమామ కొడుకు బావ. ఈ నాలుగు అడుగులూ తెలుగు పిల్లవాడు లెక్క వేయకుండానే వేస్తాడు. దీన్నే వర్గీకరణ బంధుత్వం అంటాం. రక్తం ఎంత దూరమో చూడదు, ఏ గడిలో పడతాడో చూస్తుంది. లూయీ హెన్రీ మోర్గన్ 1871లో అచ్చు వేసిన బంధుత్వ పట్టికల్లో తమిళం, కన్నడంతో పాటు మన తెలుగు వరసలూ ఉన్నాయి. ఆయన వృత్తికి లాయరు, ప్లీడరు గారు సంతోషిస్తారు.

వానచినుకు గారూ, మీ మేడమ్ గీసిన రెండు కొమ్మలూ ఈ పద్యంలోనే ఉన్నాయి. రోమన్ సివిల్ లా పద్ధతిలో, ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎక్కి మళ్లీ దిగుతూ మెట్టుకొకటి చొప్పున లెక్కపెట్టండి. అర్జునుడి నుంచి కుంతికి ఒకటి, ఆమె తండ్రి శూరుడికి రెండు, వసుదేవుడికి మూడు, కృష్ణుడికి నాలుగు. భీముడి నుంచి పాండురాజు, వ్యాసుడు, ధృతరాష్ట్రుడు, దుర్యోధనుడు. ఇదీ నాలుగే. లెక్క ప్రకారం ఇద్దరూ సమాన దూరం. తెలుగులో మాత్రం ఒకరు బావ, ఒకరు అన్న. బావ చెల్లెల్ని చేసుకోవచ్చు, అన్న చెల్లెలు మనకూ చెల్లెలే. అర్జునుడు సుభద్రను చేసుకున్నది ఆ కొమ్మ మీదనే.

పాత ప్లీడరు:
మా చట్టం ఆ రెండు కొమ్మల్నీ ఒకే వాక్యంలో కట్టేసింది. 1955 హిందూ వివాహ చట్టంలో నిషిద్ధ సంబంధాల నిర్వచనం చూడండి. అన్నాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, ముగ్గురికీ ఒకే గతి. మేనరికం బతికిందంటే 5వ సెక్షన్‌లో ‘ఆచారం అనుమతిస్తే తప్ప’ అన్న మినహాయింపు వల్లే. ఆ ఆచారం కూడా ఊరికే చెబితే చెల్లదు. చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటిస్తున్నట్టు రుజువు చేయాలి. బౌధాయనుడే మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం దక్షిణాది ఆచారమని విడిగా రాశాడు కాబట్టి, ‘చాలాకాలం’ అన్న మాటకు మనకు లోటు లేదు.

అయితే వరసల లెక్క గారికి ఒక ప్రశ్న. కుంతి పుట్టింది శూరుడికి, పెరిగింది కుంతిభోజుడి దగ్గర, దత్తపుత్రికగా. దత్తతతో పుట్టింటి బంధం తెగితే వసుదేవుడు మేనమామ ఎలా అవుతాడు? కృష్ణుడు బావ ఎలా అవుతాడు?

వరసల లెక్క:
మంచి ప్రశ్న. దత్తత వల్ల ఆస్తి బంధం తెగుతుంది గానీ వరస తెగదని అనుకుంటాను. మీ చట్టమే ఆ మాట అంటుంది కదా.

పాత ప్లీడరు:
అవును, 1956 దత్తత చట్టం 12వ సెక్షన్. పుట్టింటి బంధాలన్నీ తెగినట్టే. కానీ అక్కడే ఉండుంటే ఎవర్ని పెళ్లి చేసుకోకూడదో, దత్తు వెళ్లాక కూడా వాళ్లను చేసుకోకూడదు. అంటే రక్తాన్ని చట్టం మరిచిపోలేదు. మీకే మార్కు.

అరుగు కబుర్లు:
ఇంత దూరం ఎందుకండీ. సాంబుడు లక్ష్మణను చేసుకున్నాడు. ఆమె దుర్యోధనుడి కూతురు, అతను కృష్ణుడి కొడుకు. అంటే కృష్ణుడూ దుర్యోధనుడూ వియ్యంకులు. వియ్యంకుణ్ణి మనం ‘బావగారూ’ అనే కదా పిలుస్తాం? మా నాన్నా, మా మామగారూ అలాగే పిలుచుకునేవారు. ఒకరు అరుగు దిగుతుంటే ఇంకొకరు చెప్పులు జరిపి పెట్టి “రండి బావగారూ” అనేవారు. నాకు ఈ పద్యంలో ఆ మర్యాదే వినిపిస్తుంది.

వరసల లెక్క:
అది ఇంకా అందమైన సాక్ష్యం. రెండు లెక్కలూ ఒకే మాట దగ్గర కలిశాయి. పిల్లల పెళ్లి అయ్యాక వియ్యంకులు కొత్తగా బావలు కావడం, మేనత్త కొడుకు పుట్టుకతోనే బావ కావడం, రెంటికీ తెలుగులో ఒకటే మాట. పిల్లనిచ్చి పుచ్చుకునే గడి అది.

అందుకే ‘చుట్టముల్’ కూడా నాకు అలాగే వినిపిస్తుంది. అన్నదమ్ముల్ని మనం చుట్టాలు అనం. “చుట్టాలొచ్చారు” అంటే అవతలి ఇంటివాళ్లు వచ్చారని అర్థం. భ్రాతల్ ఇవతలి వైపు, చుట్టముల్ అవతలి వైపు. ‘బంధుల్’ పెడితే ఇవతలి వైపు ఖాళీ అయిపోతుంది. అందుకే అచ్చు పాఠం వైపే నా ఓటు.

యతిప్రాస:
అక్కడ ఆగండి. “అక్కరకు రాని చుట్టము” అన్నప్పుడు సుమతీ శతకకారుడు వియ్యాలవారినే తిట్టాడా? తమిళంలో సుఱ్ఱం అంటే చుట్టూ ఉన్న సొంతవాళ్లందరూ. చుట్టుకుని ఉండేవాడు చుట్టం. మీరు చెప్పిన తేడా వాడుకలో ఉంది, ఒప్పుకుంటాను. పద్యానికి అంత బిగించకండి.

పెన్న ఒడ్డు:
నన్ను ఇంకో మాట వేధిస్తోంది. ‘భ్రాతల్’ అంటే ఎవరు? తొంభైతొమ్మిది మందేనా? వరసల లెక్క గారి లెక్కే తీసుకుంటే పినతండ్రి కొడుకులు కూడా అన్నదమ్ములే. అయితే “నీ అన్నదమ్ములు సుఖమా” అని కృష్ణుడు అడిగినప్పుడు, ఆ మాటలో ధర్మరాజు కూడా ఉన్నాడు. యుద్ధానికి సాయం అడగటానికి వచ్చినవాడికి మొదటి పలకరింపులోనే ఎవరి మీద యుద్ధమో గుర్తు చేశాడు! తిక్కన గారి బిగువు అన్నది ఇదే.

పాత ప్లీడరు:
ఒళ్లు జలదరించింది. దావా కూడా అదే కదండీ. “అనేకపితృకాణాం తు పితృతో భాగకల్పనా.” తండ్రులు వేరైన మనవలు పంచుకునేటప్పుడు తలకొక వంతు కాదు, తండ్రికొక వంతు. ధృతరాష్ట్రుడి నూరుగురికి సగం, పాండురాజు అయిదుగురికి సగం. అర్ధరాజ్యం అన్న మాట అక్కడి నుంచే వచ్చిందని అనుకుంటాను. పాండవులు భ్రాతలు కాకపోతే సగం అడిగే హక్కే లేదు.

యతిప్రాస:
తర్వాతి మాటలు చూడండి. కర్ణుడు, మన్నీలు (సామంతరాజులు), భీష్ముడు, ద్రోణుడు. అందరూ హస్తినలో అతని పక్షాన ఉన్నవాళ్లే. ఆ జాబితాలో మొదటి పేరు మాత్రం శత్రువుదా? నాకు కుదరడం లేదు. దుశ్శాసనాదులే.

పెన్న ఒడ్డు:
కుదరదని మీరంటారు, కుదిరిందని నేనంటాను. రెండూ వినిపించేలా రాశారు కాబట్టే అది కవిత్వం.

వానచినుకు:
మీ అందరికీ నమస్కారాలు. రాత్రి నాన్నకు ఫోన్ చేసి అన్నీ చదివి వినిపించాను. తన గురువు గారు అలాగే నేర్పారట. ‘బావా’ అని నోరంతా తెరిచి పాడాక ‘భ్రా’ అనాలంటే నాలుక మడతపడుతుందని, ‘బం’ అయితే గాలి దానంతట అదే దిగుతుందని అన్నారు. ఫోన్‌లోనే రెండూ పాడారు. ‘భ్రాతల్’ అని పాడినప్పుడు ఎక్కడో చిన్న తొట్రుపాటు వినిపించింది. “మరి నువ్వు అడిగేది ధర్మరాజు సంగతేనా నాన్నా” అంటే కాసేపు మాట్లాడలేదు. “అన్నేళ్లు కిరీటం పెట్టుకున్నాను గానీ, నన్నెవరూ అలా అడగలేదే” అన్నారు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

అరుగు కబుర్లు:
మీ నాన్నగారికి మా నమస్కారం చెప్పండమ్మా. వీలైతే ఆ రెండూ రికార్డు చేసి పెట్టండి.

యతిప్రాస:
అడుగుతున్నారు కాబట్టి, రెండో పాదంలో ‘మన్నీలున్’ ఎలా పలుకుతారో కూడా కనుక్కోండి. కొందరు ‘మన్నీల్’ దగ్గర ఆపి ‘ఉన్’ని మింగేస్తారు. అక్కడ గణం చెడుతుంది.