5 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతున్నా, 10 ఎలా పరిగెత్తాలి?

నత్తనడక34

నమస్తే అందరికీ. రన్నింగ్ మొదలుపెట్టి ఆరు నెలలవుతోంది. మొదట్లో నిమిషం పరిగెత్తి రెండు నిమిషాలు నడిచేవాణ్ణి, ఇప్పుడు వారానికి మూడ్రోజులు ఆగకుండా 5 కిలోమీటర్లు వెళ్తున్నా, 31 నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. ఇంతవరకు బానే ఉంది. కానీ ఆ 5 దాటి ఒక్క అడుగు పడట్లేదు. బయల్దేరేటప్పుడు ఇవాళ 7 కొట్టాల్సిందే అనుకుంటా, 4.8 దగ్గర్నుంచి చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది వాచ్ చూడ్డానికి, 4.86, 4.91 అని లెక్కపెట్టుకుంటూ పోతా, 5 కాగానే అది మణికట్టు మీద బుర్రుమంటుంది, అంతే, ఎవరో స్విచ్ కట్టేసినట్టు కాళ్లు ఆగిపోతాయి. విచిత్రమేంటంటే రెండు నిమిషాలు నిలబడితే ఆయాసం తగ్గిపోతుంది, నొప్పీ ఏం ఉండదు, ఇంకాస్త వెళ్లాల్సింది కదరా అని నన్ను నేనే తిట్టుకుంటూ నడిచొస్తా.

ఇప్పుడు ఫ్రెండ్ మాట మీద 10కే రన్‌కి పేరిచ్చేశా. ఇంకా తొమ్మిది వారాలుంది. వాడు, వాడి గ్యాంగ్ ఏళ్ల తరబడి పరిగెడుతున్నవాళ్లు. అందరూ వెళ్లిపోయాక నేనొక్కణ్ణే రోడ్డు మీద మిగిలిపోయినట్టు ఊహించుకుని రాత్రి నిద్ర పట్టట్లేదు. ఇది కాళ్ల సమస్యా, బుర్ర సమస్యా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

నిదానమే_ప్రధానం

తమ్ముడూ, 31 నిమిషాలంటే కిలోమీటరుకి 6:12, అంటే 6 నిమిషాల 12 సెకన్లు. ఒక్క ప్రశ్న, ఆ స్పీడులో వెళ్తున్నప్పుడు పదమూడో ఎక్కం పైకి చెప్పగలవా? పదమూడు ఒకట్ల దగ్గర్నుంచి పదమూడు పదుల దాకా, మధ్యలో రొప్పకుండా. చెప్పలేవనే నా అనుమానం. అంటే నువ్వు వారానికి మూడుసార్లు చేస్తున్నది ట్రైనింగ్ కాదయ్యా, మూడు చిన్న రేసులు. 5 అయ్యేసరికి ట్యాంకు ఖాళీ అవుతోంది, దానికి నువ్వు భయం అని పేరు పెట్టుకున్నావ్.

వారంలో ఒక రోజు లాంగ్ రన్‌కి కేటాయించి ఆ రోజు మాత్రం కిలోమీటరుకి 7:30కి దిగు. అవును, సిగ్గేస్తుంది, పక్కన నడిచేవాళ్లు కూడా దాటిపోతారేమో అనిపిస్తుంది, పోనీ. ఎక్కం చెప్పుకుంటూ పో, ఊపిరి తెగితే ఇంకా తగ్గించు. ఆ స్పీడులో 10 కిలోమీటర్లకి గంటా పావు పడుతుంది, ఇప్పుడు నీకున్న శక్తితో అదేమంత దూరం కాదు. నాకు ఈ ముక్క చెప్పేవాళ్లు లేక రెండేళ్లు ప్రతి రోజూ నాలుక బయటపెట్టి పరిగెత్తి, చివరికి విసుగొచ్చి మానేశా, మళ్లీ మొదలుపెట్టింది నలభై దాటాక.

పొద్దున్నే_లేస్తా

పైన అన్న చెప్పింది కరెక్టే కానీ బుర్ర సంగతి కూడా కొంత ఉంది. ఆ బుర్రుమనే అలర్ట్ ముందు ఆపేయండి. దూరం చూపించే స్క్రీన్ తీసేసి టైం ఒక్కటే పెట్టుకోండి. ఇవాళ 40 నిమిషాలు అని బయల్దేరాలి, ఎన్ని కిలోమీటర్లయిందో ఇంటికొచ్చి బూట్లు విప్పాకే చూడాలి. నేనిలా చేసిన మొదటి రోజే 5.6 వచ్చింది, 5 ఎప్పుడు దాటానో కూడా తెలీదు, ఆ టైంలో ఆఫీసులో ఎవరితో గొడవ పెట్టుకోవాలా అని ఆలోచిస్తున్నా 😄

ఇంకోటి, మీరు రోజూ ఒకే చోట మొదలై ఒకే చోట ఆగుతున్నారా? అయితే ఆ చోటుకి శరీరం అలవాటు పడిపోయింది. రూటు మార్చండి. ఇంటి చుట్టూ రౌండ్లు కొట్టకుండా ఒకే వైపు 3.5 వెళ్లిపోండి, ఎలాగూ వెనక్కి రావాలి, 7 అయిపోతుంది. ఇంటి గేటు ముందు నుంచి ప్రతి రౌండూ వెళ్తే ఏ మనిషైనా లోపలికి దూరిపోతాడు. అలసిపోతే వెనక్కి నడిచి రావడానికి టైం మాత్రం ఉంచుకోండి.

నత్తనడక34

అన్నా ఇవాళే ఎక్కం ట్రై చేశా. పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయా 🤦 నాలుగో మాటకి గాలి లేదు. ఇన్నాళ్లూ నేను నిదానంగానే వెళ్తున్నా అనుకున్నా.

రెండునిమిషాలు_ఆగు

మధ్యలో నడిస్తే తప్పేంటో నాకర్థం కాదు. జెఫ్ గాలోవే అని 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ రన్నర్, కొత్తవాళ్లకి ఆయన నేర్పిందే పరుగు–నడక పద్ధతి. అంత పరిగెత్తినోడే నడవమంటుంటే మనకెందుకు నామోషీ. కిటుకు ఏంటంటే అలిసిపోయాక నడవకూడదు, అలిసిపోకముందే నడవాలి. నేను నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొదటి నిమిషం నుంచే ఇలా. మొదట్లో చాలా ఈజీగా ఉంది ఇంకా పరిగెడదాం అనిపిస్తుంది, వద్దు, ఆ మిగిలింది 8వ కిలోమీటరు దగ్గర పనికొస్తుంది. ఇలాగే నా మొదటి హాఫ్ మారథాన్ పూర్తి చేశా, 21.1 కిలోమీటర్లు, ఆఖర్లో నన్ను మొదట్లో దాటేసిన వాళ్లని బోలెడంత మందిని దాటా.

గాలివాటం

నడిస్తే దాన్ని రన్నింగ్ అంటారా బ్రో? నన్నడిగితే పళ్లు బిగించి రేపే 10 కొట్టేయాలి. ఒక్కసారి అయితే భయం పోతుంది. నేనలాగే చేశా.

మడమనొప్పి_బాధితురాలు

గాలివాటం గారూ, మీకు కలిసొచ్చింది, సంతోషం. నేనూ అదే చేశా, 5 నుంచి ఒకేసారి 10కి దూకా, భలే గర్వంగా ఇంటికొచ్చా, రెండు వారాల తర్వాత మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి మొదలై మూడు నెలలు ఇంట్లో కూర్చున్నా. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి, ఎముకలు, వాటిని పట్టుకుని ఉండే నరాల్లాంటి కండర బంధాలు గట్టిపడ్డానికి నెలలు పడుతుంది. అందుకే ఊపిరి బాగుంది కదా అని దూకితే కింద ఏదో ఒకటి పట్టేస్తుంది.

తొమ్మిది వారాలు చాలా టైం తమ్ముడూ. లాంగ్ రన్ మాత్రమే పెంచు, 6, 6.5, 7, నాలుగో వారం కావాలనే 5కి దిగు, మళ్లీ 7.5, 8, 8.5, రేసుకి ముందు వారం 5 తో సరి. మిగతా రెండు రోజులూ ఇప్పుడున్న దూరమే, నిదానంగా. రేసుకి ముందే 10 పరిగెత్తి చూడక్కర్లేదు, 8.5 వెళ్లిన కాళ్లు ఆ రోజు జనం మధ్య మిగతాది లాగేస్తాయి. కండరాలు పట్టేసినట్టుండి రెండ్రోజుల్లో తగ్గితే మామూలే. కానీ ఎముక మీద వేలితో నొక్కితే ఒక్క చోటే సలుపుతుంటే, పరిగెడుతున్న కొద్దీ పెరుగుతుంటే ఆపేసి డాక్టర్‌కి చూపించు, ప్లీజ్. అక్కడ పళ్లు బిగించడాలు పనికిరావు.

గాలివాటం

సరే అక్కా, ఒప్పుకుంటున్నా. నిజం చెప్పాలంటే ఆ తర్వాత నాకూ పది రోజులు మెట్లు దిగడం కష్టమైంది, అది రాయలేదు 😅

పొద్దున్నే_లేస్తా

ఒక్కటి మర్చిపోయా. ఎవరైనా తోడు దొరికితే లాంగ్ రన్‌కి తీసుకెళ్లండి, మీకన్నా నిదానంగా వెళ్లేవాళ్లయితే మరీ మంచిది. కెన్యా మారథాన్ రన్నర్ కిప్‌చోగే 2019లో వియన్నాలో 42.195 కిలోమీటర్లని 1:59:40లో పరిగెత్తినప్పుడు చుట్టూ పేసర్లు, అంటే స్పీడు తగ్గకుండా తోడుగా పరిగెత్తేవాళ్లు, గుంపులు గుంపులుగా మారుతూనే ఉన్నారు, అంతటివాడికే తోడు పెట్టారు. మనకి కబుర్లు చెప్పే ఒక్క మనిషి చాలు.

నత్తనడక34

ఆరు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, ఎవరైనా ఇంకా చదువుతుంటే.

నిన్న 8 అయింది! 62 నిమిషాలు. నాలుగు పరుగు ఒకటి నడక మొదటి మూడు వారాలు చేశా, తర్వాత తొమ్మిది పరుగు ఒకటి నడకకి మార్చా. దూరం స్క్రీన్ తీసేశా. మొదటి పది నిమిషాలు మాత్రం ఇప్పటికీ నరకమే, ఎందుకొచ్చిన గొడవరా అనిపిస్తుంది, పావుగంటకి సర్దుకుంటుంది, ఇది ముందే తెలిసుంటే ఇంత కంగారు పడేవాణ్ణి కాదు. మూడో వారంలో ఒక రోజు 4 దగ్గరే పక్కలో పోటొచ్చి ఆగిపోయా, తిన్న గంటకే బయల్దేరడం నా తప్పు, ఆ రోజు మళ్లీ పాత భయం అంతా వచ్చేసింది, తర్వాతి వారం 7 బానే అయ్యింది.

నిన్న ఏడో కిలోమీటరు ఎక్కడో పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు అని పైకే అనేశా, ఎదురుగా వస్తున్న పెద్దాయన నన్నేదో పలకరించాననుకుని ఆగిపోయాడు. నేను మాత్రం ఆగలేదు.

ఒక డౌట్. కుడి కాలి బొటనవేలి గోరు నల్లగా అయింది. నొప్పి పెద్దగా లేదు. వచ్చే వారం 8.5 ఉంది, వెళ్లొచ్చా?

మడమనొప్పి_బాధితురాలు

శభాష్! గోరు ముందుకి తగిలి కింద రక్తం గడ్డకట్టి ఉంటుంది. నొప్పి, వాపు లేకపోతే వెళ్లు, పెరిగితే చూపించుకో. గోళ్లు పొట్టిగా తీసెయ్. నిలబడి షూ ముందు నొక్కి చూడు, కాలి పొడుగు వేలి ముందు చేతి బొటనవేలు వెడల్పంత జాగా ఉండాలి, లేకపోతే అర సైజు పెద్దది తీసుకో. కానీ కొత్త షూతో డైరెక్టుగా రేసుకి వెళ్లకు, ముందు రెండు మూడు చిన్న రన్‌లు వేసుకుని చూడు.