ఆటోమేటిక్ ఎస్‌యూవీ 50 స్పీడులో వణుకుతోంది, గేర్‌బాక్స్ మొత్తం మార్చాలంటున్నారు, ఏం చేయాలి?

హన్మకొండ_డీజిల్:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది 7 సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, 6 గేర్ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ టైపు. 2019 మోడల్. 2023 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, ఇప్పటికి 86,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు, షోరూం పేరు కావాలనే రాయట్లేదు, నాకు కావాల్సింది గొడవ కాదు, దారి.

బండి బాగా వేడెక్కాక 45 నుంచి 60 మధ్య స్పీడులో, యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా ఉంచి పోతుంటే కింద నుంచి సన్నగా వణుకు వస్తుంది, రోడ్డుకు అడ్డంగా వేసిన రంబుల్ స్ట్రిప్స్ మీద పోతున్నట్టు. రెండు మూడు సెకన్లు ఉండి పోతుంది, మళ్లీ వస్తుంది. గట్టిగా తొక్కితే రాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అసలే రాదు. ఇంకోటి, రివర్స్ నుంచి డీ లోకి వేస్తే ఒక క్షణం ఏమీ కాదు, ఆ తర్వాత ధన్‌మని గేరు పడుతుంది. మీటర్‌లో ఏ లైటూ వెలగలేదు.

మేడారం పోయి వచ్చినప్పటి నుంచి ఇది ఎక్కువైంది. ఇంటిల్లిపాదీ ఎక్కి, పైన అమ్మవార్ల బంగారం (బెల్లం), వంట సామాను, ఏసీ ఫుల్లు, పస్రా దాటినప్పటి నుంచి గంటల తరబడి ఇంచు ఇంచు జరుగుడే.

సర్వీస్ సెంటర్‌లో ఒక రౌండు తిప్పి చూసి గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలి, 3 లక్షల 40 వేలు అవుతుంది అన్నారు. ముందు ఆయిల్ మార్చి చూద్దామా అని అడిగితే "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చే పనే లేదు" అన్నారు. అంత డబ్బు ఇప్పుడు నా దగ్గర లేదు. బాపును నెలనెలా హైదరాబాద్‌లో గుండె డాక్టరుకు చూపించాలి, జనగామ దాటాక రాత్రి పూట బండి ఆగిపోతే ఆయన్ని పెట్టుకుని రోడ్డు మీద ఏం చేయాలన్నదే నా టెన్షన్. నిజంగా మొత్తం మార్చాల్సిందేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ములుగు_రోడ్డు_షెడ్:

తమ్మీ, నేను ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పనే చేస్తాను. నువ్వు రాసిన గుర్తులు చదివితే గేర్‌బాక్స్ పోయింది అనిపించట్లేదు, లాకప్ క్లచ్ అనిపిస్తోంది. చూడకుండా ఖాయంగా చెప్పను, కానీ 3 లక్షలకు సంతకం పెట్టే ముందు చూడాల్సినవి ఉన్నాయి.

ఎందుకంటే, టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య నేరుగా పట్టు ఉండదు, ఆయిల్ తిరుగుతూ ఒకవైపు బలాన్ని ఇంకోవైపుకు ఇస్తుంది. అందులో కొంత వృథా అవుతుంది, వేడి పుడుతుంది. ఆ వృథా తగ్గించడానికి ఒకే స్పీడులో నిలకడగా పోయేటప్పుడు లోపల ఒక చిన్న క్లచ్ పట్టుకుని రెండింటినీ కలిపేస్తుంది, అదే లాకప్. దాని పట్టు సాఫీగా ఉండాలంటే ఆయిల్‌లో కలిపిన మందులు పనిచేస్తూ ఉండాలి. ఆయిల్ ఎక్కువ వేడి తిని పాతబడితే ఆ గుణం పోతుంది, క్లచ్ పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం, అదే నీకు కింద నుంచి తెలిసే వణుకు. తేలికగా తొక్కినప్పుడే రావడం, వేడి మీదే రావడం, గట్టిగా తొక్కితే పోవడం (అప్పుడు లాకప్ వదిలేస్తుంది) అన్నీ దీనికే సరిపోతున్నాయి.

ఒక పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఏ బండీ లేనప్పుడు, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ అలాగే ఉంచి బ్రేక్ పెడల్‌ను వెనక బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకు. బ్రేక్ సిగ్నల్ రాగానే చాలా బండ్లలో లాకప్ విడిపోతుంది. వణుకు వెంటనే ఆగితే అనుమానం లాకప్ మీదికే పోతుంది. ఆగకపోతే ఇంజన్ వైపు చూడాలి. డీజిల్ ఇంజెక్టర్ ఒకటి సరిగ్గా కొట్టకపోయినా, ఇంజన్ మౌంట్ (ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) చిరిగినా ఇలాంటి వణుకే వస్తుంది, దానికి గేర్‌బాక్స్ మారిస్తే డబ్బులు పోతాయి, వణుకు ఉంటుంది. ధన్‌మని పడేది కూడా మౌంట్ వల్ల కావచ్చు, కానీ ముందు ఆ క్షణం ఆలస్యం ఉందన్నావు కాబట్టి ఆయిల్ లెవెల్ తప్పక చూపించు.

తర్వాత స్కాన్. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే (బండి కంప్యూటర్ రాసుకునే లోపాల నంబర్లు) చదువుతాయి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను విడిగా చదివే మిషన్ కావాలి. పీ0700 ఒక్కటే వస్తే దాని అర్థం "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉంది, అది చూడు" అని మాత్రమే, దాన్ని చూపించి గేర్‌బాక్స్ పోయిందంటే నమ్మకు. పీ0741 లాకప్‌ది. పీ0730 వస్తే గేరు నిష్పత్తి తప్పుతోందని, అది కొంచెం పెద్ద మాట. మీటర్‌లో లైటు వెలగకపోయినా కోడ్ దాగి ఉండొచ్చు.

ఇక లైఫ్‌టైమ్ ఆయిల్ సంగతి. ఆ మాట వినగానే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ మాట నమ్మి లక్ష దాటినా ఆయిల్ ముట్టని బండ్లు నా దగ్గరికి వస్తాయి. బండితో వచ్చిన బుక్కులో "తీవ్రమైన వాడకం" అని విడిగా రాసి ఉంటుందేమో చూడు. మన ఎండలు మే నెలలో 44, 45 దాకా పోతాయి, అందులో ఫుల్లు లోడు, జాతర ట్రాఫిక్, తీవ్రమైన వాడకం అంటే అదే. నా దగ్గరికి వచ్చేవాళ్లకు 60 వేల నుంచి 80 వేల కిలోమీటర్ల మధ్య మార్చమనే చెప్తాను.

సింగరేణి_డ్రైవరు:

షెడ్ అన్న చెప్పింది బాగుంది కానీ ఒక మాట. మా భూపాలపల్లిలో ఒకాయన బండికి లక్షా 40 వేల కిలోమీటర్ల మీద మొదటిసారి ఆయిల్ మార్పించాడు, వారం తిరగకముందే గేర్లు జారడం మొదలైంది. అప్పటిదాకా నడిచింది. పాత ఆయిల్‌ను ముట్టుకోవద్దని అందుకే అంటారు. తమ్ముడు ఆలోచించుకోవాలి.

ములుగు_రోడ్డు_షెడ్:

ఆ భయం ఉత్తది కాదు. ఆయిల్ నల్లగా మాడి, గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు అరిగిపోయిన బండిలో ఆ అరిగిన పొడి ఆయిల్‌లో కలిసి ఎంతో కొంత పట్టు ఇస్తుంటుంది. కొత్త ఆయిల్ పోస్తే అది పోతుంది, జారుడు బయటపడుతుంది. ఆ క్లచ్‌లు ముందే అయిపోయాయి, కొత్త ఆయిల్ వల్ల అరిగినవి కావు. అందుకే మార్చే ముందే కొద్దిగా తీసి చూడాలి. తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేస్తే, గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన లేకపోతే మార్చుకోవచ్చు. నల్లగా ఉండి, మాడు వాసన కొడుతూ, చుక్క మధ్యలో సన్నటి పొడి మిగిలితే ఆగి ఆలోచించాలి. గులాబీ రంగు పాలలా ఉంటే కూలెంట్ గానీ నీళ్లు గానీ కలిశాయి, ఆ బండిని ఇంక నడపొద్దు.

ఇంకో సంగతి, ప్రెషర్ మిషన్ పెట్టి ఫ్లష్ చేస్తామంటే (పాత ఆయిల్‌ను ఒత్తిడితో మొత్తం తోసేయడం) 86 వేల బండికి నేను ఒప్పుకోను. కింద బోల్టు విప్పి ఎంత వస్తే అంత తీసి, అంతే కొలిచి పోయాలి. అలా తీస్తే దాదాపు సగమే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉంటుంది. కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ అదే పని చేయాలి. ఆయిల్ మాత్రం బుక్కులో రాసిన గ్రేడే, "అన్నిటికీ పనికొచ్చేది" అని డబ్బా చూపిస్తే వద్దను. చాలా బండ్లలో దీనికి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) ఉండదు, ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి చదునుగా నిలబెట్టి, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చాకే పక్క బోల్టు విప్పి లెవెల్ చూడాలి. స్కానర్ పెట్టకుండా చేత్తో ముట్టి "సరిపోయింది" అనేవాడి దగ్గర చేయించకు.

నయీంనగర్_నివాసి:

బండి 2023 చివర్లో తీసుకున్నానన్నారు. ఆ జూలై వరదల్లో మా దగ్గర, హంటర్ రోడ్డు మీద బండ్లు సీట్ల దాకా మునిగాయి, అందులో కొన్ని శుభ్రం చేసి అమ్మేశారు. గేర్‌బాక్స్‌కు గాలి ఆడే సన్నపు పైపు ఉంటుంది, బండి నీళ్లలో నిలబడితే అందులోంచి నీళ్లు లోపలికి పోతాయి. సీట్ బెల్టు పూర్తిగా బయటికి లాగి చివరన మట్టి చార ఉందేమో, ముందు సీటు కింద బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. పాత ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల వివరం కూడా అడగండి.

కాజీపేట_లోకో:

మాది డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, అందులోనూ ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకం. నీ బండి వేరు, దాని సలహా దీనికి పనికిరాదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. డ్రై క్లచ్ డీసీటీని జాతర ట్రాఫిక్‌లో ఇంచు ఇంచు జరిపితే క్లచ్ సగం పట్టులోనే ఉండి వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. ముందు బండి కదలగానే మనమూ కదలొద్దు, కొంత జాగా ఏర్పడనిచ్చి ఒక్కసారి పోయి ఆగాలి. ఎక్కుడు రోడ్డు మీద యాక్సిలరేటర్‌తో బండిని ఆపి పట్టుకోవద్దు, బ్రేకే వాడాలి.

అదాలత్_దగ్గర:

తమ్ముడూ, నేను లాయర్‌ను. మెకానిక్ సంగతి వాళ్లు చెప్పారు, కాగితం సంగతి నేను చెప్తాను. నోటి మాట మీద 3 లక్షల 40 వేలు ఎవరూ పెట్టొద్దు. సర్వీస్ సెంటర్ రాసే జాబ్ కార్డులో "గేర్ సమస్య" అని రెండు ముక్కలు రాస్తే ఒప్పుకోకు. "వేడెక్కాక 45–60 స్పీడులో వణుకు, రివర్స్ నుంచి డీకి ఆలస్యం" అని నువ్వు ఇక్కడ రాసినట్టే రాయించు. స్కాన్ రిపోర్ట్ ప్రింటు, ఏ పార్టు ఎందుకు మారుస్తున్నారో రాతపూర్వకమైన ఎస్టిమేట్, మారిస్తే పాత పార్టు నీకు చూపిస్తామన్న మాట, ఇవన్నీ అడుగు. ఇవ్వమంటే మెయిల్ పెట్టు, జవాబు రాకపోయినా మెయిల్ మిగులుతుంది.

పాత ఓనర్ ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుని ఉంటే అది నీ పేరు మీదికి మారిందో లేదో చూడు, చాలామంది ఇది అడగరు. మామూలు ఇన్సూరెన్స్ అరుగుదలకు, మెకానికల్ రిపేరుకు రాదు, దాని మీద ఆశ పెట్టుకోకు. సర్వీసులో లోపం ఉందనుకుంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేయి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కానీ కాగితాలు లేకుండా వస్తే నేనేం చేయగలను, ఎవరైనా ఏం చేయగలరు.

హన్మకొండ_డీజిల్:

అందరికీ పేరుపేరునా థాంక్స్. చేయించినవి రాస్తున్నాను. సీట్ బెల్టుల మీద మట్టి లేదు, బోల్టులు శుభ్రంగా ఉన్నాయి, ఆ టెన్షన్ పోయింది. బ్రేక్ తాకే పరీక్ష మడికొండ దాటాక పొద్దున్నే ఖాళీగా ఉన్న సర్వీస్ రోడ్డు మీద చేశాను, తాకిన క్షణంలో వణుకు పోయింది, వదలగానే వచ్చింది.

షోరూంలో కాకుండా బయట స్కాన్ చేయిస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో పీ0741 దాగి ఉంది. ఇంజన్ వైపు ఏ కోడూ లేదు. ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, మాడు వాసన కొంచెమే. ఆయిల్ పాన్ విప్పినప్పుడు నేను పక్కనే ఉండి చూశాను, అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంది, వేలితో రుద్దితే జారింది, గీసుకునే ముక్కలు ఏమీ తగల్లేదు. పక్కన లీకు లేదు కానీ లెవెల్ తక్కువగా ఉంది, 600 మిల్లీ లీటర్ల దాకా అన్నాడు.

ఒకసారి ఆయిల్ మార్పించాం, ఫిల్టరు కూడా. గేరు పడటంలో ఆలస్యం పోయింది. వణుకు తగ్గింది కానీ పోలేదు, ఎండలో పరకాల పోయి వస్తుంటే మళ్లీ వచ్చింది. ఇప్పుడేం చేయాలి అన్నా? బాపును తీసుకుని హైదరాబాద్ పోవచ్చా?

ములుగు_రోడ్డు_షెడ్:

మెత్తటి పేస్టు మామూలే, ముక్కలు లేవంటే గేర్‌బాక్స్ లోపల ఇంకా బాగుంది. ఇంకా సగం పాత ఆయిలే ఉంది, కాబట్టి వణుకు మొత్తం పోలేదని భయపడకు. రెండోసారి మార్పించు, అదే గ్రేడు. ఆ తర్వాత స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ (గేర్‌బాక్స్ కంప్యూటర్ పాతగా నేర్చుకున్నది చెరిపేయడం) చేయించి కొన్ని రోజులు సాఫీగా నడుపు, గేర్‌బాక్స్ కంప్యూటర్ కొత్త పట్టు నేర్చుకోవాలి. అప్పటికీ పీ0741 తిరిగి వస్తే వాల్వ్ బాడీలోని (ఆయిల్‌ను ఎటు పంపాలో నడిపే భాగం) లాకప్ సోలినాయిడ్, అంటే లాకప్‌కు ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్, చెక్ చేయాలి, అదీ బాగుంటే కన్వర్టర్ ఒక్కటే దింపి రీబిల్డ్ చేయించాలి. గేర్‌బాక్స్ దింపే లేబర్ ఎలాగూ పడుతుంది, అయినా నీకిచ్చిన ఎస్టిమేట్‌లో సగం కూడా కాదు. తగ్గిన ఆ 600 ఎటు పోయిందో కూడా తేలాలి, కింద అట్టముక్క పరిచి రాత్రి పార్కింగ్ చేసి పొద్దున చూడు, కూలర్ పైపు జాయింట్ల దగ్గర తడి ఉందేమో చూడు.

రెండోసారి మార్చేదాకా బాపును ఈ బండిలో హైదరాబాద్ తీసుకుపోకు, కాజీపేట నుంచి ట్రైన్లు ఉన్నాయి. తప్పనిసరై పోతే పొద్దున్నే బయలుదేరు, బండి మీద లోడు పెట్టకు. దారిలో ఆగితే తాడు కట్టి లాగనివ్వకు, ఇంజన్ ఆగితే గేర్‌బాక్స్ ఆయిల్ పంపు తిరగదు, చక్రాలు మాత్రం తిరిగితే లోపల ఎండిపోయి నిజంగానే గేర్‌బాక్స్ పోతుంది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండే పిలిపించు. నేషనల్ హైవే మీద 1033కు ఫోన్ చేస్తే సాయం వస్తుంది, ఆ నంబరు ఫోన్‌లో వేసుకో.