శ్రీకాళహస్తి–సత్యవేడు తెలుగు గంగ కట్ట: రూటు ఎన్నిసార్లు గీసినా తారు రోడ్డు మీదికే పోతోంది

తిరుపతి గ్రావెల్:
సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ పడతా ఉండా. శ్రీకాళహస్తి, సత్యవేడు మధ్య తెలుగు గంగ కాలువ కట్ట మీదుగా రూటు గీశాను. కంప్యూటర్‌లో చూస్తే గీత కట్ట మీదే చక్కగా ఉంది. సైకిల్ మీటర్‌లోకి (హ్యాండిల్ మీద దారి చూపించే జీపీఎస్) ఎక్కించగానే సగానికి పైగా వరదయ్యపాళెం రోడ్డు మీదికి మారిపోతోంది. పాయింట్లు దగ్గర దగ్గరగా పెట్టాను, యాప్ తీసేసి మళ్ళీ వేశాను, అదే తంతు. ఆదివారం పొద్దున బయల్దేరాలి. ఇంకోటి, ఎడమ కట్ట బాగుంటుందని తెలిసినాయన చెప్పాడు. మ్యాప్‌లో చూస్తే నాకు ఎడమ వైపున దారే కనబడలేదు. కట్ట తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి సామీ, తల వేడెక్కిపోయింది.

పుత్తూరు పెడల్:
ఎక్స్‌పోర్ట్ చేసింది రూటా, ట్రాకా?

తిరుపతి గ్రావెల్:
జీపీఎక్స్ ఫైల్ అన్నా, గీసిన దారిని దాచుకునేది. రెండూ ఒకటే కదా?

పుత్తూరు పెడల్:
కాదు.

ట్యూబ్‌లెస్ సామి:
రూటు సంగతి వాళ్ళు చూస్తారు గానీ, టైర్లు ఏవో చెప్పనే లేదే. కాలువ కట్టలంటే సర్కారు తుమ్మ. కొమ్మలు నరికి దారి పక్కనే పడేస్తారు, ట్రాక్టర్లూ జీపులూ వాటిని తొక్కి గరుసులోకి దిగ్గొడతాయి. ఎండిన ముల్లు గరుసు రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. వానలు పోయాక పల్లేరు కాయలు అదనం. ఇట్లాంటి చోట ట్యూబుతో పోవడం నా మనసుకు ఒప్పదు. ట్యూబు లేకుండా, చిల్లును మూసే ద్రవం (సీలెంట్) పోసిన ట్యూబ్‌లెస్ టైరే మేలు.

700 బై 40 సైజు టైరుకు చక్రానికి 60 నుంచి 90 మిల్లీలీటర్ల సీలెంట్ పడుతుంది. మన ఎండలకు పై అంకే పట్టుకోండి. లేటెక్స్ సీలెంట్‌లో నీరు ఆరిపోతే లోపల రబ్బరు ఉండలు మిగులుతాయి, అవి ఏ రంధ్రాన్నీ మూయవు. అందుకే వేసవిలో నెలకోసారి చూడాలి. వాల్వు అడుక్కు వచ్చేలా చక్రం ఆపి కాసేపు వదిలేయండి. గాలి తీసి, వాల్వు కోర్ విప్పి, సన్నటి జిప్ టై లోపలికి దించండి. కొస తడిగా పైకి రాకపోతే 60 మిల్లీలీటర్లు పోయండి. దారిలో ముల్లు దిగితే పీకేసి, ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఒక నిమిషం ఆగండి, చాలావరకు అదే మూసుకుంటుంది. సీఓటూ సిలిండరుతో గాలి కొడితే కొన్ని రకాల సీలెంట్ గడ్డకడుతుంది. చేతి పంపు పెట్టుకోండి.

తిరుపతి గ్రావెల్:
నావి 38 మిల్లీమీటర్ల టైర్లు, ట్యూబులే. ఇప్పుడు మార్చే టైం లేదు. దయచేసి రూటు గురించి చెప్పండి.

మ్యాప్ పని:
పెడల్ గారు అడిగిన ప్రశ్నలోనే జవాబుంది. జీపీఎక్స్‌లో రూటు వేరు, ట్రాక్ వేరు. రూటు ఫైల్‌లో మీరు పెట్టిన కొద్ది పాయింట్లే ఉంటాయి. వాటి మధ్య దారిని మీటరు తన లోపలున్న మ్యాపుతో కొత్తగా లెక్కేసుకుంటుంది. ఆ మ్యాపులో కట్ట దారి ఎక్కడ తెగి ఉన్నా, తెగని దారి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అది తారు రోడ్డే అవుతుంది. పాయింట్లు దగ్గరగా పెట్టినా లాభం లేకపోయింది అందుకే. ట్రాక్ ఫైల్‌లో గీత మొత్తం వేల పాయింట్లుగా ఉంటుంది. మీటరు దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

బ్రౌటర్ వెబ్ (రూటు గీసే సైటు) తెరిచి గ్రావెల్ ప్రొఫైల్ పెట్టండి. వెనక శాటిలైట్ పొర వేసుకుని, కట్ట మీద రెండు మూడు కిలోమీటర్లకొక పాయింటు చొప్పున నొక్కుకుంటూ పోండి. ఎక్కడైతే గీత ఒక్కసారిగా ఊళ్ళోకి చుట్టు తిరుగుతుందో అక్కడ మ్యాపులో దారి తెగిందని అర్థం. సాధారణంగా ఊరి రోడ్డు బ్రిడ్జి మీదుగా కాలువను దాటే చోటే ఇట్లా జరుగుతుంది. కట్ట దారినీ రోడ్డునూ గీసినవాళ్ళు రెంటినీ ఒకే బిందువు దగ్గర కలపలేదు, మధ్యలో మూడు మీటర్ల సందు వదిలేశారు. కంటికి కలిసినట్టే ఉంటుంది, లెక్కకు మాత్రం అవి రెండు వేర్వేరు దారులు. ఆ ముక్క వరకు స్ట్రెయిట్ లైన్ ఆప్షన్‌తో గీసి, మళ్ళీ మామూలు పద్ధతికి రండి. చివర్లో ట్రాక్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి.

మీటరులో రీకాల్క్యులేషన్, అంటే దారిని మళ్ళీ లెక్కేసుకోవడం, ఆపేయడం మర్చిపోవద్దు. అది ఆన్‌లో ఉంటే ట్రాక్ ఎక్కించినా, గీత నుంచి కాస్త పక్కకు జరగ్గానే మళ్ళీ రోడ్డు వైపు లాగుతుంది. కొన్ని మీటర్లలో ఎడమ కుడి మలుపుల హెచ్చరికలు రావు. కట్ట మీద వాటితో పనిలేదు. ఊళ్ళోకి దిగాల్సిన చోట మాత్రం పేరుపెట్టి ఒక పాయింటు వేసుకోండి.

ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ సందులను మీరే కలపొచ్చు, కలపండి కూడా. అయితే ఆ మార్పు మీ మీటరు మ్యాపులోకి ఆదివారం లోపల రాదు.

సీమ సైకిల్:
ఎవరూ అనుమతి మాట ఎత్తరేం? అది చెన్నైకి తాగునీరు పోయే కాలువ. 1983 ఒప్పందం ప్రకారం తమిళనాడు సరిహద్దుకు ఏటా 12 టీఎంసీలు చేర్చాల్సిన బాధ్యత మన రాష్ట్రానిది. కట్ట ఇరిగేషన్ వాళ్ళ ఆస్తి, అది జనం కోసం వేసిన రోడ్డు కాదు. లస్కర్ (కాలువ కాపలా చూసేవాడు) ఆపితే ఆగి, ఎవరో, ఎక్కడికో చెప్పి, వద్దంటే పక్క ఊరి రోడ్డులోకి దిగిపోవాలి. గేట్లు వేసున్న చోట సైకిల్ ఎత్తి దాటించే పని పెట్టుకోకండి.

పుత్తూరు పెడల్:
అడిగింది అది కాదు.

సీమ సైకిల్:
అడక్కపోయినా తెలియాల్సిన విషయమే కదా. రేపు ఎవరో ఒకరు గొడవపడితే అందరికీ దారి మూసేస్తారు.

కాళహస్తి కట్ట:
ఎటు నుంచి ఎటు పోతున్నారో ముందు చెప్పండి. ఎడమ కట్ట సంగతి దాని మీదే ఉంది.

తిరుపతి గ్రావెల్:
సత్యవేడు నుంచి మొదలుపెట్టి శ్రీకాళహస్తికి. అక్కడ్నుంచి ట్రైన్‌లో తిరుపతికి వచ్చేద్దామని.

కాళహస్తి కట్ట:
అదీ సంగతి. కాలువకు ఎడమ, కుడి అంటే నీళ్ళు పారే దిక్కుకు ముఖం పెట్టి చూసినప్పటి ఎడమ, కుడి. నీళ్ళు కండలేరు జలాశయం నుంచి వస్తాయి, శ్రీకాళహస్తి దాటి సత్యవేడు వైపు, అక్కడ్నుంచి సరిహద్దుకు పోతాయి. మీరు ఎదురు పోతున్నారు కాబట్టి ఆయన చెప్పిన ఎడమ కట్ట మీకు కుడి చేతి వైపున, అంటే తూర్పున ఉంటుంది. మీరు పడమటి కట్ట మీద వెతికి ఉంటారు.

ట్యూబ్‌లెస్ సామి:
సైకిల్ తొక్కేవాడికి ఎడమంటే తన ఎడమే అన్నా. అందరూ ఇంజనీర్లు కాదు కదా.

కాళహస్తి కట్ట:
తూముల మీద, రెగ్యులేటర్ల మీద రాసేది ఆ లెక్కనే. లస్కర్‌ను అడిగినా అదే లెక్కలో చెప్తాడు. సొంత ఎడమ పట్టుకుంటే తప్పు కట్ట ఎక్కి, దాటడానికి మళ్ళీ బ్రిడ్జి వచ్చేదాకా తొక్కాల్సి వస్తుంది. కిలోమీటరు రాళ్ళూ అంతే, కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు. మీరు పోయే దిక్కులో అంకెలు తగ్గుతా పోవాలి.

కొండ వాలును పట్టుకుని పోయే కాలువకు పల్లం వైపు కట్టే మట్టి పోసి ఎత్తుగా, వెడల్పుగా కడతారు. బండి దారి ఎక్కువగా దాని మీదే ఉంటుంది. ఇక్కడ కొండలు పడమర, పల్లం తూర్పు. మీకు చెప్పినాయన మాట సరైనదే.

మ్యాప్‌లో ఒకటి ప్రత్యేకంగా చూసుకోండి. కొండ మీద నుంచి వచ్చే వంకలను కాలువ రెండు రకాలుగా దాటుతుంది. వంక కాలువ కింద నుంచి పోతే కట్ట దారి తెగదు. వంకను కాలువ మీదుగా కాంక్రీటు తొట్టిలో దాటిస్తే, దాన్ని సూపర్ పాసేజ్ అంటారు, అక్కడ కట్ట దారి వంకలోకి దిగి అవతల ఎక్కాలి. శాటిలైట్‌లో కాలువకు అడ్డంగా తెల్లటి పట్టీ కనబడి, దాని మీద బండి చక్రాల జాడ లేకపోతే అదే. వాన పడ్డాక ఆ దిగుడులో బురద నిలుస్తుంది, సైకిల్ భుజానికెత్తుకోవాలి. స్వర్ణముఖి దగ్గర కాలువ కట్టడం మీదుగా పోదామని చూడకండి. ఏరు దాటాలంటే రోడ్డు బ్రిడ్జే.

ఎంత దాహమేసినా బాటిల్ నింపుకోవడానికి, టైరు కడగడానికి లైనింగ్ (కాలువ లోపలి కాంక్రీటు పూత) మీద కాలు పెట్టొద్దు. కాంక్రీటు వాలు మీద నీటి గీత దగ్గర పాచి పట్టి ఉంటుంది. జారితే పట్టుకోను ఏమీ ఉండదు, ఈత వచ్చినవాళ్ళు కూడా ఆ వాలు ఎక్కలేరు. ఇది మాత్రం మనసులో పెట్టుకోండి.

నగరి రైడర్:
గాలి సంగతీ చూసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి తూర్పు నుంచి తగులుతుంది. కట్ట మీద అడ్డు ఉండదు. కాలువ వాలు కిలోమీటరుకు సెంటీమీటర్లలోనే కాబట్టి ఎక్కుడనేది లేదు, అట్లాగని కాళ్ళు ఆపి సాగే పల్లమూ లేదు, మొత్తం దూరం తొక్కాల్సిందే. తారు మీద గంటకు 22 కిలోమీటర్లు పోయేవాళ్ళు వదులు గరుసు మీద 15 లెక్కేసుకోండి. నీడ దొరకదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, పొద్దున పది గంటల లోపల కట్ట దిగేలా చూడండి. ఇంకో మాట, కాలువకు నీళ్ళు ఆపి ఉంటే లైనింగ్ పనులు జరుగుతుంటాయి, టిప్పర్లు కట్టను మూసేస్తాయి. ముందురోజు ఎవరినైనా కనుక్కోండి.

ట్యూబ్‌లెస్ సామి:
38 ట్యూబు టైరైతే 70 కిలోల మనిషికి గాలి ముందు 40, వెనక 45 పీఎస్‌ఐ. అంతకంటే తగ్గిస్తే కంకర రాయికి ట్యూబు రిమ్ముకు నొక్కుకుని రెండు చిల్లులు పడతాయి. రెండు ట్యూబులు, ప్యాచులు పెట్టుకోండి. పంక్చరైతే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో తుడవండి, వేళ్ళతో తడమొద్దు. తుమ్మ ముల్లు కొస టైరులోనే విరిగి ఉంటుంది, తీయకుండా ట్యూబు మార్చితే రెండోదీ పోతుంది. మీ వాల్వు ప్రెస్టా (సన్నటి రకం) అయితే ఊళ్ళో పంక్చర్ షాపుల గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో వేసుకోండి.

నగరి రైడర్:
40, 45 మరీ ఎక్కువ. చెయ్యి జివ్వుమంటుంది. 35, 38 చాలు.

ట్యూబ్‌లెస్ సామి:
ట్యూబ్‌లెస్‌కు చాలు. ట్యూబుకు కాదు.

నగరి రైడర్:
నేల మెత్తగా ఉన్నప్పుడు ట్యూబుకైనా చాలు. ఆ కట్ట ఎక్కువ భాగం నలిగిన గరుసే, కంకర కాదు.

కాళహస్తి కట్ట:
కొత్తగా రిపేరు చేసిన ముక్కల్లో కంకరే పరుస్తారు.

తిరుపతి గ్రావెల్:
ట్రాక్‌గా ఎక్కించి రీకాల్క్యులేషన్ ఆపాను, గీత కదల్లేదు. తూర్పు కట్ట మీద దారి కనబడింది. రెండు సూపర్ పాసేజ్‌లు కూడా పట్టుకున్నా. థాంక్స్ అన్నా అందరికీ.

సీమ సైకిల్:
శ్రీకాళహస్తిలో సైకిల్ ట్రైన్ ఎక్కించాలంటే లగేజీ బుకింగ్ చేయాలి. మీరనుకున్న ట్రైన్‌కు ఆదివారం ఆ కౌంటరు ఎన్ని గంటలకు తీస్తారో కనుక్కున్నారా?

మ్యాప్ పని:
దారి తెగిన చోట్లు రాసిపెట్టుకుని ఉంటే ఇక్కడ పెట్టండి, మ్యాపులో కలిపేస్తాను.