వశిష్ఠ రేవు: పడవ దించే సంగతి శనివారంలోపు తేలాలి

రేవు పని, రాజోలు:
పంటు (బళ్లని నది దాటించే బల్లకట్టు) రేవు పాటదారు, మన పడవని ట్రైలర్ మీంచి నీళ్లలోకి దించడానికి వాలు ఇవ్వనంటున్నాడండి. పండగ మూడు రోజులూ పంటుకి బళ్లు ఆగవు, మధ్యలో ట్రైలర్ పెడితే ఒప్పుకోనని తెగేసి చెప్పాడు. పడవ శనివారం పొద్దున్నే కాకినాడలో బయల్దేరాలి. షామియానా, ఫ్లెక్సీ, పూతరేకుల పట్టిక తర్వాత చూద్దాం.

డల్లాస్:
స్నానాల రేవులో దించేస్తే పోలా? ఇక్కడ మేం కారు వెనక్కి పెట్టి దించేస్తాం.

ట్రైలర్ పని, కాకినాడ:
అక్కడ కాంక్రీటు వాలు అన్నయ్యా. స్నానాల రేవంటే మెట్లు, ఇరుసు మెట్టు అంచున కూర్చుండిపోతుంది. మెట్ల కింద ఒండ్రు. చక్రం దిగబడితే కారునీ లాక్కుపోతుంది.

డల్లాస్:
డబ్బు పంపినప్పుడే రేవు మాట ఖాయం చేయాల్సింది కదా.

రాజోలు:
ఆయన సరేనన్నాకే అడ్వాన్సు ఇచ్చాం. ఎండలో తిరిగేది మేము. నమ్మకం లేకపోతే మీరే వచ్చి చూసుకోండి.

కోశాధికారి, అమలాపురం:
ఇద్దరూ ఆగండి బాబూ. ట్రైలర్ నీళ్లలోకి దిగి తీరాలా? గట్టి నేల మీద ఆపి, పడవని పైపుల మీద దొర్లించండి. రొయ్యల చెరువుల దగ్గర 6 అంగుళాల పీవీసీ పైపులుంటాయి, ఎనిమిది చాలు. తాటి దుంగలొద్దు, ఫైబర్ అడుగు గీసుకుపోతుంది.

కాకినాడ:
కుదురుతుంది బాబాయి గారూ. పడవ 350 కిలోలు, ఇంజను 75. ఇంజనూ పెట్రోలు డబ్బా ముందే దించి విడిగా మొయ్యాలి. పదిమంది కావాలి. ముందొక తాడు, వెనకొక తాడు. వాలులో పడవ తనంతట జారుతుంది కాబట్టి వెనకతాడు వదలకూడదు. పైపులు మార్చేవాళ్లు పక్కనుంచే అందించాలి, పడవకి ఎదురుగా నిలబడొద్దు. పోటు నిండటానికి గంట ముందు దించుదాం. అప్పుడైతే ఇసుకలో తగిలినా పెరిగే నీరే లేపుతుంది. పాటు (నీరు తీయడం) మొదలయ్యాక తగిలితే మళ్లీ పోటు దాకా అక్కడే. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, శనివారం చూసిన టైం ఆదివారానికి పనికిరాదు.

డల్లాస్:
బాగుంది తమ్ముడూ. దారి సంగతి చూడండి. ట్రైలర్‌తో కలిపి 650 కిలోలుంటే కారు వెనక ట్రైలర్ తగిలించే బంతి మీద 45 నుంచి 65 కిలోలు పడాలి. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద కప్లర్ (బంతి మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) ఆనిస్తే తెలిసిపోతుంది, ట్రైలర్ మాత్రం సమంగా ఉండాలి. తక్కువుంటే 216 రోడ్డు మీద ట్రైలర్ ఊగుతుంది, పడవని ముందుకి జరపండి. ఊగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలేయండి.

కాకినాడ:
గొలుసులు రెండూ కప్లర్ కింద ఇంటూ ఆకారంలో వేస్తాం. కప్లర్ ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకి తగలదు. యానాం–ఎదుర్లంక వారధి దాటాక ఆపి చక్రాల మధ్య హబ్‌లు చేత్తో చూస్తాం. ఒకటి రెండోదానికన్నా బాగా కాలుతుంటే బేరింగులో గ్రీజు చూడకుండా కదలం.

రాజోలు:
పైపులు దొరికాయి. షామియానా మోకులు పడవకి వాడేస్తున్నా. పడవ అడుగున నీళ్లు వదిలే కంతకి బిరడా బిగించాకే పడవ పైపుల మీదికి. లైఫ్ జాకెట్లు ఎన్నుంటే అంతమందే ఎక్కాలి, పిల్లలకి చిన్న సైజువి వేరే తేవాలి. తాడు పట్టేవాళ్లు ఇంకా నలుగురు తక్కువ, ఎవరొస్తారో ఈ రాత్రికి చెప్పండి.