హౌరా చేపలు, రాయపూర్ కొబ్బరి: ఏ రోడ్డు మీద దేనికి జాగ్రత్త పడాలి?

స్టెప్నీ (భీమవరం)
అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్ళూ ఆకివీడు, ఉండి, పాలకొల్లు లోకల్ ట్రిప్పులే. ఇకమీదట పది టైర్ల బండి మీద రెండు లైన్లు: హౌరాకి చేపలు, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్‌కి కొబ్బరి. బెంగాల్ డ్రైవర్లు దారుణం అని ఒకరంటారు, బస్తర్ ఘాట్లు దారుణం అని ఇంకొకరు. ఎక్కడ దేనికి భయపడాలి, బండిలో ఏం చూసుకోవాలి?

లాకుల గట్టు
లోకల్ అని తేలిగ్గా అనేశావు తమ్ముడూ. హైవే మీద దేనికీ జంకని పంజాబ్ బండ్లవాళ్ళు కూడా మన కాలవ గట్టు ఎక్కేసరికి క్లీనర్‌ని దింపి ముందు నడిపిస్తారు. భయం తారుతో కాదు, తారు పక్క మట్టితో. నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువు ఉన్నచోట నీళ్ళు లోపల్నుంచి ఊరుతూనే ఉంటాయి. పైకి గట్టిగా కనబడే మార్జిన్ 28 టన్నుల కింద వెన్నలా దిగిపోతుంది. ఎదురుగా బస్సొచ్చిందని ఎడమ చక్రాలు దింపితే మొదట వెనక జత టైర్లు కుంగుతాయి, బండి కాలవ వైపు వాలుతుంది. అప్పుడు స్టీరింగ్ కుడికి లాగకు, రేసు పెంచకు. లోడు పక్కకి ఒరిగి పని పూర్తవుతుంది. రేసు వదిలేసి తిన్నగా పోనిచ్చి, గట్టి నేల తగిలాక మెల్లగా పైకి తే. ఇరుసు దాకా దిగితే ఆపి, లోడు తగ్గించాకే లాగించు. అసలు దింపకపోవడం మేలు: వెడల్పు ఎవరికి దగ్గరుంటే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి.

చెరువులు తవ్వేటప్పుడు ట్రాక్టర్లు తారు మీద మట్టి రాలుస్తాయి. తొలి చినుకుకి అది గ్రీజు. సార్వా (తొలి పంట) కోతల్లో, మళ్ళీ దాళ్వా (రెండో పంట) కోతల్లో సగం రోడ్డు ఆరబోసిన ధాన్యమే. గింజల మీద బ్రేకు కొడితే చక్రం గోళీల మీద నిలబడ్డట్టే. ధాన్యం ఎత్తేశాక చుట్టూ పేర్చిన రాళ్ళు అక్కడే వదిలేస్తారు. రాత్రి వాటి సంగతి వేరే చెప్పాలా! గడ్డి మీంచి పోతే ఆపి కిందకి వంగి చూడు. వెనక చక్రాల్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి చుట్టుకున్న గడ్డి సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది.

పది టైర్లు (తణుకు)
హౌరా లైను మాట నేను చెప్తాను. ఇచ్చాపురం దాటాక కూడా అదే 16వ నంబరు హైవే. బరంపురం, ఖుర్దా, కటక్, బాలాసోర్. యూటర్న్ దూరమైతే బైకువాళ్ళు రాంగ్ రూట్లో ఎదురొస్తారు. ఎడమ లైన్లో పంక్చరైన లారీ లైటూ, గుర్తుగా పెట్టే చెట్టు కొమ్మా లేకుండా నిలబడి ఉంటుంది. అందుకని లారీలన్నీ కుడి లైను పట్టుకుంటాయి, కార్లు ఎడమ నుంచి కట్ కొడతాయి. అది ఒడిశా జబ్బు కాదు, మన రావులపాలెం దగ్గరా ఇదే తంతు. 80 స్పీడులో సెకనుకి 22 మీటర్లు పోతాం. ముందు బండికి మూడు సెకన్లు, అంటే 65 మీటర్లు వదులు. ఆ ఖాళీలో ఎవడో దూరతాడు, దూరనీ. మళ్ళీ మూడు సెకన్లు వెనక్కి తగ్గు.

ఐసు నీళ్ళు రోడ్డు మీద కారనివ్వకు. ఫ్లైఓవర్ మలుపులో వెనకొచ్చే బైకు జారేది ఆ నీళ్ళ మీదే. కలకత్తా చుట్టుపక్కల పగలు నో ఎంట్రీ ఉంటుంది, ఆ వేళలు కనుక్కుని బయల్దేరు. ఆలస్యమైంది కదా అని తోలే చివరి వంద కిలోమీటర్లలోనే నిద్ర ముంచుకొస్తుంది.

కొబ్బరి కిరాయి
నా లెక్కలో ఘాటే పెద్దది. డెల్టాలో తోలే బండికి దిగుడు అంటే ఏటిగట్టు దిగడమే, బ్రేకుల అసలు రంగు బయటపడదు. నీ లైన్లో రెండు దిగుళ్ళు: మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఒకటి, జగదల్‌పూర్, కొండగావ్ దాటాక కేశ్‌కాల్ రెండోది. కేశ్‌కాల్ లోడుతో వెళ్ళేటప్పుడే దిగాలి. మారేడుమిల్లి ఘాట్లో రాత్రి బండ్లు వదులుతున్నారో లేదో రంపచోడవరంలోనే అడుగు.

దిగకముందు బండి ఆపి బ్రేకు లైనర్ల సెట్టింగ్ చూడు, అన్ని చక్రాలూ సమానంగా పట్టాలి. ఒకటి లూజుగా ఉంటే మిగతావి దాని పని కూడా మోసి కాలతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు, పైన ఉండగానే వెయ్యి. మధ్యలో మార్చబోతే గేరు పడక న్యూట్రల్లో చిక్కుతావు. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగకి అడ్డుపడి బండిని నెమ్మదించేది) వేసి ఉంచు. కాలి బ్రేకు అదిమిపెట్టి ఉంచకుండా, గట్టిగా తొక్కి స్పీడు పది తగ్గాక పూర్తిగా వదులు. కాలిన వాసన వస్తే ఆపి, చక్రాలకి చెక్కలు పెట్టి చల్లారనీ. డ్రమ్ముల మీద నీళ్ళు పోస్తే పగులుతాయి.

లోడు ఎత్తు మాత్రం కోనసీమలోనే చూసుకో. అమలాపురం లోపలి రోడ్లలో కరెంటు తీగలు కిందకే ఉంటాయి.

స్టెప్నీ (భీమవరం)
చాలా థ్యాంక్స్ అండి. చలికాలం పొగమంచులో బెంగాల్ వైపు ఎంత స్పీడు?

పది టైర్లు (తణుకు)
కనబడేదాన్ని బట్టే. 40లో సెకనుకి 11 మీటర్లు. ముందు 30 మీటర్లే కనబడితే నీకు మిగిలేది మూడు సెకన్లు కూడా కాదు, 20కి దిగు. హై బీమ్ వేస్తే మంచే తెల్లగా కొడుతుంది, డిమ్‌లో ఉంచు. అదీ కుదరకపోతే ఢాబాలోకి తిప్పు. రోడ్డు పక్కన మాత్రం ఆపకు, వెనకొచ్చేవాడు నీ టెయిల్ లైటు చూసి రోడ్డు అటే ఉందనుకుంటాడు.